వూడూ లిల్లీ కావాలా? ముందు కంద నాటండి

ప్రశ్న: మాది హైదరాబాద్ మియాపూర్‌లో సొంత ఇల్లు. మేడ మీద కూరగాయలు పెంచుతున్నాను. ఇంటి వెనక మామిడి చెట్టు పక్కన కాస్త ఖాళీ నేల కూడా ఉంది. మా అక్క అమెరికాలో, నార్త్ కరోలినాలోని రాలీ దగ్గర ఉంటుంది. వాళ్ల పెరట్లో ‘జెయింట్ వూడూ లిల్లీ’ అని ఒక దుంప పెట్టింది. పోయిన ఏప్రిల్‌లో ఆకు కూడా లేకుండా నడుమెత్తున నల్లెరుపు పువ్వు పూసింది. వీడియో చూసిన దగ్గర్నుంచి నాకు అదే ధ్యాస. వేసవిలో వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఒక దుంప పెట్టుకొస్తానంటోంది. తెప్పించుకోవచ్చా? మన ఎండలకు బతుకుతుందా? ఎంత లోతులో, ఎంత కుండీలో పెట్టాలి? ఎన్నేళ్లకు పూస్తుంది? కుళ్లిన మాంసం వాసన వేస్తుందని తెలిసి మా అత్తయ్యగారు అలాంటి పువ్వు ఇంట్లో పూయకూడదంటున్నారు. మూడేళ్ల బాబు ఉన్నాడు, కుక్క ఉంది. వాళ్లకు ప్రమాదమా? 
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అక్కగారి చేత దుంప తెప్పించుకోకండి. నాటడానికి బయటి దేశం నుంచి తెచ్చే దుంపకు మన దేశంలో ముందుగా దిగుమతి పర్మిట్ ఉండాలి. అక్కడి అధికారులు పరీక్షించి, తెగుళ్లు లేవని ఇచ్చిన ఫైటోశానిటరీ సర్టిఫికెట్ కూడా ఉండాలి. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ఇది తప్పనిసరి. చీరల మడతల్లో వచ్చే దుంపకు ఆ రెండూ ఉండవు. కాగితాల సంగతి అలా ఉంచినా, ఎంత కడిగిన దుంపకైనా ముడతల్లో నులిపురుగులు, పిండినల్లి, కుళ్లు తెగుళ్ల బీజాలు మిగిలిపోతాయి. అదే జాతి దుంప మీద బతికే రైతులు మన గోదావరి జిల్లాల్లో ఉన్నారు. ఒక పువ్వు ముచ్చట కోసం వాళ్ల పొలాల మీదికి కొత్త తెగులు తీసుకురావడం నాకు సమ్మతం కాదు. మీకూ కాదనే అనుకుంటున్నాను.

‘అదే జాతి దుంప’ అన్నది మాటవరసకు కాదు. వూడూ లిల్లీ పేరుతో రెండు మూడు రకాల మొక్కలు అమ్ముతారు గానీ, మీరు చెప్పిన వర్ణనను బట్టి మీ అక్కగారిది అమార్ఫోఫాలస్ కొంజాక్. దాని పుట్టిల్లు చైనాలోని యునాన్ ప్రాంతపు కొండలు. జపాన్‌లో ఆ దుంప పిండితోనే కొన్యాకు అనే జిగురు వంటకం చేస్తారు. దాన్ని పండించడంలో అక్కడి గున్మా రాష్ట్రానిది పెద్ద పేరు. బరువు తగ్గడానికని ఇప్పుడు మన సూపర్ మార్కెట్లలో దొరికే షిరటాకి నూడుల్స్ కూడా దానివే. ఇక మన కంద శాస్త్రీయ నామం అమార్ఫోఫాలస్ పియోనిఫోలియస్. ఇంటిపేరు ఒకటే. మీ రైతుబజారులో చామదుంపల పక్కన మట్టి కొట్టుకుని పడి ఉండే ఆ గుండ్రటి దుంప అచ్చమైన వూడూ లిల్లీయే. బచ్చలితో కలిపి కూర వండుకుంటాం కాబట్టి దానికి పువ్వు ఉంటుందన్న సంగతే మనకు తట్టదు. రైతు ఏటా తవ్వేస్తాడు, పువ్వు దాకా రానివ్వడు.

పైగా కొంజాక్ చల్లని కొండవాలు మొక్క. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే మన మేడల మీద దాని లేత ఆకు మాడిపోతుంది. కంద ఈ గాలికి, ఈ వానకు పుట్టిన మొక్క. అందుకే నా సలహా ఇది: అక్కగారి దుంప అక్కడే ఉండనివ్వండి, మీరు కంద నాటి పూయించండి. ఎత్తులో కొంజాక్‌తో పోటీ పడలేదు, కంద పువ్వు నేలను అంటిపెట్టుకునే పూస్తుంది. కానీ వెడల్పులో, నిండుతనంలో దీని ముందు అది తీసికట్టు.

ఇక దుంప ఎంపిక. కోసిన చెక్క కొనకండి. అర కిలో నుంచి కిలోన్నర దాకా తూగే పూర్తి దుంప అడగండి. చేతిలోకి తీసుకుని నెత్తి భాగం చూడండి. నడిమధ్యన చిన్న గుంట, ఆ గుంటలో లేత గులాబీ రంగు మొన ఒకటి కనిపించాలి. అదే మొగ్గ. వ్యాపారులు దుంప మొలకెత్తకుండా దాన్ని గిల్లేస్తుంటారు. అలాంటిది నాటితే పక్క కన్నుల నుంచి నీరసంగా మొలుస్తుంది, లేదా కుళ్లుతుంది. బొటనవేలితో దుంప చుట్టూ నొక్కి చూడండి, ఎక్కడా మెత్తగా తగలకూడదు. తడి మచ్చ ఉన్నా, పుల్లని వాసన వచ్చినా వద్దు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపల కొంటే మొగ్గ కదులుతున్న దుంపలు దొరుకుతాయి. కొవ్వూరు ప్రాంతపు నాటు కందల్లోంచి ఎంపిక చేసి విడుదల చేసిన ‘గజేంద్ర’ అనే రకం బాగా ప్రచారంలో ఉంది. దురద ఉండదు, ఒకటే పెద్ద దుంపగా ఊరుతుంది, పిలకలు పెట్టదు. పువ్వు కావాలనుకునేవారికి బలమంతా ఒకే దుంపలో చేరడం మంచిదే. పిలకలు పెట్టి గుంపుగా పెరగాలంటే పల్లెల్లో పెరళ్లలో ఉండే నాటు కంద అడగండి.

నాటే ముందు ఈ మొక్క లోపల జరిగేది ఒకటి తెలుసుకోవాలి, ఎందుకంటే మిగతా సలహాలన్నీ దాన్నుంచే వస్తాయి. మీరు పెట్టిన దుంప పెరగదు, ఖర్చవుతుంది. మొలకెత్తిన దుంప తన నిల్వనంతా ఆకుకు ధారపోసి కరిగిపోతుంది. విచ్చుకున్న ఆకు ఎండను, వానను, ఎరువును వాడుకుని పాత దుంప నెత్తిన కొత్త దుంపను కడుతుంది. సీజన్ చివర తవ్వి చూడండి: నిండైన కొత్త దుంప, దాని అడుగున అట్టలా ఎండి నలిగిన పాత దుంప తొక్క. ఏటా ఇంతే. ఆకు ఎన్ని రోజులు పచ్చగా నిలిస్తే కొత్త దుంప అంత పెద్దది. చాలినంత పెద్దదైన ఏడాది ఆకుకు బదులు ముందు పువ్వు వస్తుంది. అంటే పువ్వు కోసం మీరు చేయగలిగింది ఒక్కటే, ఆ ఆకును కాపాడుకోవడం. పువ్వు రావడానికని అమ్మే మందులతో దీనికి పని లేదు.

ఇంకోటి. చాలా దుంపలకు వేళ్లు అడుగు నుంచి వస్తాయి. కందకు అలా కాదు, మొగ్గ చుట్టూ పైభాగం నుంచి పుట్టి పక్కలకు పాకుతాయి. అందుకే పైపైన పెడితే మొక్క నిలదొక్కుకోదు. దుంప నెత్తి మీద కనీసం నాలుగు నుంచి ఆరు అంగుళాల మట్టి ఉండాలి.

మీకు నేల ఉంది కాబట్టి నా ఓటు నేలకే. కోనసీమలో కొబ్బరి నీడన, అరటి సందుల్లో కూడా కంద వేస్తారు. మామిడి పక్కన చీలి చీలి పడే ఎండ దీనికి సరిగ్గా సరిపోతుంది. మొదలుకు నాలుగైదు అడుగుల దూరంలో, రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గొయ్యి తీయండి. తీసిన మట్టిలో సగానికి సగం బాగా చివికిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్లు వేపపిండి కలపండి. మీ వైపు నేల జిగురుగా ఉంటే కాస్త ముతక ఇసుక కూడా వేయండి. పచ్చి పేడ మాత్రం వద్దు, దుంప ఉడికినట్టయి కుళ్లిపోతుంది. కుళ్లు తెగుళ్లను అణిచే మేలు శిలీంధ్రం ట్రైకోడెర్మా విరిడి దొరికితే ఎరువులో కలిపి నీడన వారం మాగనిచ్చి వాడండి. కందకు పెద్ద శత్రువు మొదలు కుళ్లు, దానికి ఇదే ముందుజాగ్రత్త. ఒకటి కంటే ఎక్కువ పెడితే మధ్యన మూడడుగుల ఎడం ఉంచండి.

మేడ మీదే పెట్టాలనుకుంటే కనీసం పద్దెనిమిది అంగుళాల గ్రో బ్యాగ్, తర్వాతి ఏడాది ఇరవై నాలుగు అంగుళాలది. బ్యాగును కాలే స్లాబు మీద నేరుగా పెట్టకుండా ఇటుకలు పేర్చి వాటి మీద ఎత్తండి. పైన షేడ్ నెట్ ఉంటే మేలు. మేడ మీద ఎండ కంటే గాలితో భయం. నిండా విచ్చుకున్న ఆకు గొడుగంత ఉంటుంది, దాన్ని మోసేది ఒక్కటే కాడ. ఈదురుగాలికి అది విరిగిందంటే ఆ ఏడాది పోషణ అక్కడితో సరి. మొలక అడుగెత్తుకు రాగానే పక్కన కర్ర పాతి పాత నూలు గుడ్డ పీలికతో వదులుగా కట్టండి. తాడు బిగిస్తే ఆ లేత కాడ కోసుకుపోతుంది.

మొగ్గ కదిలిన దుంపను ఏప్రిల్ చివర, మే నెలల్లో నాటండి. మొలక పైకి వచ్చేదాకా వారానికి ఒకసారి మట్టి చెమ్మగిల్లేంత నీళ్లు చాలు. వేళ్లు లేని దుంపకు రోజూ నీళ్లు పోస్తే లోపల కుళ్లుతుంటుంది, మనం పైన మొలక కోసం చూస్తుంటాం. మొలక వచ్చాక లెక్క మారుతుంది. మట్టి పూర్తిగా ఆరనివ్వకూడదు, నీళ్లు నిలవనివ్వకూడదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నెలకోసారి మొదలుకు జానెడు దూరంలో రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు, చారెడు కట్టెల బూడిద వేసి మట్టి కప్పండి. జీవామృతం చేసుకునే అలవాటుంటే పదిహేను రోజులకోసారి పోయండి.

మొలక వచ్చే తీరు చూడముచ్చటగా ఉంటుంది. ముందు మట్టిని చీల్చుకుని సూదిమొన లాంటి పొర వస్తుంది, దాని లోంచి ఆకుపచ్చ మీద తెల్లటి మచ్చలతో గరుకైన కాడ లేస్తుంది. ఆకు ఇంకా మడిచే ఉంటుంది. కాడ ఎత్తు కుదిరాక నెత్తిన ఆ మడత మూడు కొమ్మలుగా విడి, ఒక్కో కొమ్మా మళ్లీ చీలి, నాలుగైదు రోజుల్లో పందిరిలా పరుచుకుంటుంది. మామూలుగా చూసేవాళ్లు దాన్ని చిన్న చెట్టనుకుంటారు. అదంతా ఒకటే ఆకు. నన్నడిగితే పువ్వు రెండు రోజులదే, ఈ ఆకు అందం ఐదారు నెలలది.

దసరా దాటాక ఆకు పసుపు రంగుకు తిరుగుతుంది. చాలామంది తెగులనుకుని ఆ సమయంలో నీళ్లు, ఎరువులు ఇంకా పోస్తారు. దుంప పోయేది ఎక్కువగా అప్పుడే. పసుపు మొదలవగానే నీళ్లు తగ్గించండి, కాడ పడిపోగానే పూర్తిగా ఆపండి. ఆకుపచ్చగా ఉండగా కాడ కోయకండి, చివరి బలం దుంపలోకి దిగేది ఆ రోజుల్లోనే. నేలలో దుంప పొడిగా ఉండేటట్టయితే అలాగే వదిలేయొచ్చు. కుండీలోదైతే తవ్వి, మట్టి దులిపి, నీడన వారం ఆరబెట్టి, పొడి ఇసుక మీద గాలి తగిలే చోట ఉంచండి. ప్లాస్టిక్ కవరు, ఫ్రిజ్ రెండూ పనికిరావు. నెలకోసారి తిప్పి చూడండి. ముడతల్లో తెల్లగా బూజులా కనిపిస్తే అది పిండినల్లి. పాత టూత్ బ్రష్‌తో రుద్ది, వేపనూనె నీళ్లతో తుడిచి మళ్లీ ఆరబెట్టాలి.

ఎన్నేళ్లకు పూస్తుందన్నారు. ఏడాదుల కంటే దుంప బరువు చూసుకోవడం నయం. రెండు మూడు కిలోలకు చేరిన, కోయని, గాయపడని దుంప తొలకరికి ముందు పూయడానికి సిద్ధంగా ఉంటుంది. కిలో దుంపతో మొదలుపెట్టి శ్రద్ధగా సాకితే రెండో ఏడో మూడో ఏడో ఆశపడవచ్చు. కూరకని మధ్యలో చెక్క కోసుకున్నారో, లెక్క మళ్లీ మొదటికి. అందుకే రెండు పెట్టుకోండి, ఒకటి వంటింటికి, ఒకటి పువ్వుకు. నిద్ర లేచే దుంప మీద మొగ్గ సన్నగా ఉంటే వచ్చేది ఆకు. లావుగా, ఉబ్బి ఉంటే పువ్వు.

పూసే రోజు మీరు ఇంట్లో ఉండేలా చూసుకోండి. ముడతలు ముడతలుగా అంచులు తిరిగిన, ముదురు ఎరుపు కలిసిన డొప్ప విచ్చుకుంటుంది, వెడల్పు అడుగుకు తక్కువ ఉండదు. మధ్యలో లావుపాటి కాడ, దాని నెత్తిన ముడతలు పడ్డ నల్లెరుపు ముద్ద. అడుగు భాగంలో ముందుగా ఆడపూలు పక్వానికి వస్తాయి, వాసన అప్పుడు జోరుగా ఉంటుంది. ఆ సమయంలో ముద్ద మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. వాసన దూరం వెళ్లడానికి మొక్క ఆ వేడిని తానే పుట్టిస్తుంది. చచ్చిన జంతువు మీద వాలే ఈగలు, పెంకు పురుగులు మోసపోయి లోపలికి దిగుతాయి. ఆ తర్వాతి రోజుకు పైన ఉన్న మగపూలు పసుపు పుప్పొడి రాల్చి, బయటికి పోయే పురుగుల ఒంటికి అంటిస్తాయి. ఆడ, మగ పూలు ఒకే వేళకు సిద్ధం కావు కాబట్టి ఒంటరి పువ్వుకు సాధారణంగా కాయ పట్టదు. వాసన ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. పడకగది కిటికీ కింద నాటకపోతే చాలు. పువ్వు వాడిన కొన్ని వారాలకు ఆకు వస్తుంది. పువ్వుకు బాగా ఖర్చయిన దుంప అది, ఆ ఏడాది ఎరువు తగ్గించకండి.

మీ అత్తయ్యగారికి నా మాటగా ఇది చెప్పండి. గోదావరి వైపు పెళ్లి విందులో కంద బచ్చలి కూర వడ్డిస్తారు. శుభకార్యానికి పనికొచ్చిన దుంప పువ్వు అశుభం ఎలా అవుతుంది? వాసన పురుగుల కోసం, మన కోసం కాదు. తొలకరి రోజుల్లో పెరట్లో ఈ పువ్వు లేస్తే ఏదో కీడని తవ్వి పారేసేవారున్నారు. ఏళ్ల తరబడి నేలలో ఊరిన దుంప అలా చెత్తబండిలోకి పోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఇరుగుపొరుగు ఏమన్నా అంటే, కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకోండి. అయినా పువ్వు విచ్చే రోజున పక్కవాళ్లకు ముందే ఒక మాట చెప్పడం మంచిది. డ్రైనేజీ పొంగిందేమోనని వాళ్లు కంగారు పడకుండా ఉంటారు.

అత్తయ్యగారి భయం కంటే నేను పట్టించుకునేది మీ బాబు, కుక్క విషయం. కంద ఆకులో, కాడలో, దుంపలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. కొరికితే నోరు, నాలుక మండి వాస్తాయి, చొంగ కారుతుంది. మొక్క చుట్టూ కుక్క తవ్వకుండా, బాబు చేయి అందకుండా మోకాలెత్తు మెష్ కట్టండి. ఎప్పుడైనా కొరికితే నోరు నీళ్లతో బాగా కడిగి, చల్లని పాలో పెరుగో పట్టించండి. వాంతి చేయించకండి. గొంతు వాచినా, మింగలేకపోయినా, ఊపిరి ఇబ్బందిగా ఉన్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లండి, కుక్కనైతే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. ఎప్పుడైనా కాయ పడితే ఎర్రగా పిల్లలను పిలిచేలా ఉంటుంది, గెల రంగు మారకముందే కోసేయండి. దుంప ముట్టుకునేటప్పుడు మీరు చేతులకు నూనె రాసుకోండి. దురద పట్టాక చింతపండు పులుసుతో రుద్దితే తగ్గుతుంది.

టీవీల్లో చూపించే మనిషి కంటే ఎత్తైన పువ్వు గురించి మీరు అడగలేదు గానీ, తర్వాతి ఉత్తరంలో అడుగుతారని చెబుతున్నాను. అది సుమత్రా అడవుల్లోని టైటాన్ ఆరమ్. 1878లో ఇటలీ వృక్షశాస్త్రవేత్త ఒదోవార్దో బెక్కారి దాన్ని చూసి ప్రపంచానికి తెలిపాడు. 1889లో లండన్ క్యూ తోటలో పెంచిన మొక్క పూసింది. ఎడిన్‌బరో బొటానిక్ గార్డెన్‌లో ఒక దుంప 153.9 కిలోలు తూగింది. గాజు ఇళ్లలో, ఏడాది పొడవునా తేమలో పెంచే మొక్క అది, మన మేడలకు కాదు.

అక్కగారికి రెండు మాటలు. రాలీ చలిని కొంజాక్ తట్టుకుంటుంది, దుంపను నేలలోనే ఉంచి శీతాకాలంలో నాలుగంగుళాల మందాన ఎండుటాకులు కప్పితే చాలు. చలికాలపు వానకు నీళ్లు నిలిచే చోటైతే మాత్రం ఆకు పడిపోగానే తవ్వి గరాజులో మంచు తగలని మూల ఉంచి, ఏప్రిల్ మధ్యలో మంచు భయం పోయాక మళ్లీ నాటమనండి. చుట్టూ వచ్చే పిల్లదుంపలను అక్కడి స్నేహితులకు పంచమనండి. కూర మాత్రం వండొద్దనండి. అది కందలా ఉడకబెట్టుకుని తినేది కాదు, జపాన్‌లో కూడా పిండి తీసి సున్నపు తేటతో శుద్ధి చేసి వాడతారు.

మీరు ఈ ఆదివారమే రైతుబజారుకు వెళ్లి రెండు దుంపలు ఏరుకోండి. గొయ్యి కూడా ఇప్పుడే తీసి, మట్టికి ఏప్రిల్ దాకా ఎండ తగలనివ్వండి. మొగ్గ సన్నదో లావుదో తేల్చుకోలేకపోతే నాటే ముందు ఫొటో తీసి పంపండి, చూసి చెబుతాను.